కందెన గొట్టం నుంచి నీలిమూత దాకా

ఎడ్లబండి ఇరుసు దగ్గర ఒక గొట్టం వేలాడుతూ ఉండేది. వెదురుదో, కొమ్ముదో. అందులో కందెన. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి నూరితే నల్లగా, చిక్కగా, వేలికి అంటితే ఓ పట్టాన వదలని ముద్ద తయారవుతుంది. బండి కట్టే ముందు సీల తీసి, చక్రాన్ని కాస్త బయటికి జరిపి, పుల్లకు చుట్టిన గుడ్డతో ఇరుసుకు రాస్తే ఆ రోజుకి బండి నోరెత్తదు. రాయడం మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి మనకు సామెతే ఉంది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం.

ఆ ముద్దలో రెండే వస్తువులు. ఒకటి నూనె, రెండోది ఆ నూనె ఇరుసు మీంచి జారిపోకుండా పట్టి ఉంచే మసి. ఈ రోజు విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో లారీ ఇంజిన్‌లోకి బకెట్‌తో పోసే ఆయిల్ కూడా ఇదే పద్ధతిలో తయారవుతుంది. ఎక్కువ భాగం మూల నూనె, మిగతాది దానికి ఫలానా గుణం తెచ్చిపెట్టడానికి కలిపే రసాయనాలు. నూనె ఎంత మంచిదైనా ఒంటరిగా పని చేయలేదన్న సంగతి బండి తోలేవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఆముదం కూడా పాతకాలపు సరుకేమీ కాదు. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో మోటారు ఆయిల్‌లో ఆముదం కలిపి, ఆముదానికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరు మీదుగానే దానికి కాస్ట్రాల్ అని పేరు పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా విమానాల ఇంజిన్లు ఆముదం మీదే తిరిగాయి.

విశాఖ రేవు 1933 అక్టోబర్ 7న తెరుచుకుంది. సింధియా కంపెనీ వారి ‘జలదుర్గ’ అనే ప్రయాణికుల ఓడ ముందుగా లోపలికి వచ్చింది. ఆ డిసెంబర్‌లో వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడకెక్కించడం కోసం కట్టిన రేవు కనుక, దాన్ని కట్టించింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కనుక, సరుకులో పెద్ద వాటా రైల్లోనే వచ్చేది. రోడ్డు మీద ఎడ్లబండ్లదే రాజ్యం. అప్పటికి మన రోడ్ల మీద తిరిగిన కొద్దిపాటి లారీలు పెట్రోల్‌వి, ఎక్కువగా అమెరికా నుంచి వచ్చినవి. వాటికి పోసింది ఏ రసాయనమూ కలపని సాదా ఖనిజ నూనె. చిక్కదనం ఒక్కటే చూసుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్‌కు రేషన్ వచ్చి, బొగ్గును మండించి వచ్చిన గ్యాస్‌తో బస్సులు, లారీలు నడిపిన రోజులూ ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన రోజులవి.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. 1954లో టాటాలు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో డీజిల్ లారీలు తయారు చేయడం మొదలుపెట్టారు. 1955లో మద్రాసు అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్ అయింది. 1957లో విశాఖలోని మల్కాపురం దగ్గర కాల్టెక్స్ కంపెనీ రిఫైనరీ పని మొదలుపెట్టింది. అప్పటి సామర్థ్యం ఏడాదికి 6.75 లక్షల టన్నులు. సరుకు దించే రేవు అప్పటికే ఉంది, డీజిల్ తాగే లారీ, డీజిల్ తీసే రిఫైనరీ మూడేళ్ల తేడాలో దాని పక్కన చేరాయి. లారీకి ఏ ఆయిల్ పోయాలన్న ప్రశ్న విశాఖలో పుట్టింది అక్కడే. ఆ తర్వాత డెబ్బై ఏళ్లలో ఆ ప్రశ్నకు జవాబు చాలాసార్లు మారింది. మారిన ప్రతిసారీ జవాబు దాగి ఉన్నది ఆయిల్ డబ్బాలో కాదు, డీజిల్ ట్యాంకులో.

దీనికి కారణం గంధకం. గల్ఫ్ దేశాల ముడిచమురులో గంధకం ఎక్కువ. దాన్ని శుద్ధి చేసి తీసిన డీజిల్‌లోనూ మిగులుతుంది. 1990ల నడిమి దాకా మన దేశంలో డీజిల్‌లో నూటికి ఒక పాలు గంధకం ఉన్నా ఒప్పుకునేవారు. అంటే పది లక్షల పాళ్లకు పది వేలు. అది సిలిండర్లో మండినప్పుడు ఆక్సిజన్‌తో, ఆవిరితో కలిసి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగి చాంబర్‌లోని ఆయిల్‌లో కలుస్తుంది. బేరింగులను తింటుంది, బోరును కొరుకుతుంది. దానికి విరుగుడు క్షారం. అందుకే ఆ కాలపు లారీ ఆయిల్‌లో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా కలిపేవారు. ఆ క్షారం ఎంత మిగిలి ఉందన్నదే ఆయిల్ ఆయుష్షు. నూనె జిగట తగ్గకముందే, చూపుకి బాగానే కనిపిస్తున్నప్పుడే, లోపలి క్షారం అయిపోయి ఉండవచ్చు.

ఈ విద్య ఎక్కడ పుట్టిందో చూస్తే మళ్లీ మల్కాపురం గేటు దగ్గరికే వస్తాం. 1930ల మొదట్లో అమెరికాలో కేటర్‌పిల్లర్ కంపెనీ డీజిల్ ట్రాక్టర్లు దింపింది. సాదా నూనె పోస్తే ఇంజిన్ వేడికి అది మాడి, పిస్టన్ గాడుల్లో పేరుకుని, రింగులను కదలకుండా పట్టేసేది. రింగు పట్టేస్తే ఇంజిన్ దింపాల్సిందే. స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా వారు ఆ మాడును కడిగేసే లోహపు సబ్బులాంటి రసాయనాన్ని నూనెలో కలిపి 1935లో ఒక ఆయిల్ తెచ్చారు. పేరు డెలో. ‘డీజిల్ ఇంజిన్ లూబ్రికేటింగ్ ఆయిల్’ అన్న మాటల మొదటి అక్షరాలవి. మరుసటి ఏడాది, 1936లో, అదే కంపెనీ టెక్సాకోతో చేతులు కలిపి పెట్టిన ఉమ్మడి సంస్థే కాల్టెక్స్. విశాఖలో రిఫైనరీ కట్టింది ఆ కాల్టెక్సే. డీజిల్ ఇంజిన్‌ను లోపలినుంచి కడిగే ఆయిల్‌ను కనిపెట్టిన ఇంటిపేరు, బంకుల మీద ఎర్ర నక్షత్రంతో, ఈ ఊళ్లో 1976 చివరి దాకా ఉంది. అప్పుడు ప్రభుత్వం కాల్టెక్స్‌ను స్వాధీనం చేసుకుంది. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది.

కడిగే ఆయిల్ రావడంతో ఒక పెద్ద అపోహ కూడా వచ్చింది, ఇప్పటికీ పోలేదు. కొత్త ఆయిల్ పోసిన రెండు మూడు రోజులకే డిప్‌స్టిక్ తీసి చూస్తే నల్లగా కనిపిస్తుంది. ‘కొత్త ఆయిల్ అప్పుడే మాడిపోయింది, కల్తీది’ అని అలజడి. నిజానికి అది నల్లబడటమే దాని పని. డీజిల్ మండితే వచ్చే మసి గోడలకు అంటుకోకుండా, ముద్దలు కట్టకుండా, తనలో తేలుతూ ఉండేటట్టు పట్టి ఉంచుతుంది. డీజిల్ ఇంజిన్‌లో ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగినా తేనెరంగులోనే ఉన్న ఆయిల్‌ను చూసి భయపడాలి. మసి ఎక్కడికి పోయినట్టు?

ఆటోనగర్ పాత మేస్త్రిల చేతికి ఈ సంగతి తెలుసు. వాళ్ల పరీక్ష చూడదగ్గది. డిప్‌స్టిక్ చివర నుంచి ఒక చుక్కను బొటనవేలి మీదికి తీసుకుని, చూపుడు వేలితో నెమ్మదిగా రుద్దుతారు. రంగు చూడరు. గరగర తగిలితే దుమ్మో, ఇనుప రజనో చేరినట్టు. నీళ్లలా జారిపోతే డీజిల్ కలిసినట్టు. పాల మీగడలా తెల్లబడితే కూలెంట్ నీళ్లు దిగినట్టు. తర్వాత ఒక చుక్కను తెల్లకాగితం మీద వేసి పక్కన పెడతారు. కాసేపటికి నడుమ నల్లచుక్క, చుట్టూ బూడిదరంగు వలయం పరుచుకుంటే ఆయిల్ ఇంకా మసిని మోస్తున్నట్టు. నడుమ గట్టి నల్లచుక్క ఒక్కటే మిగిలి చుట్టూ ఏమీ పాకకపోతే దాని పని అయిపోయినట్టు. ప్రయోగశాలల్లో వడపోత కాగితం మీద చేసే పరీక్షకు మూలసూత్రం ఇదే.

కొన్ని వేల కిలోమీటర్లకే ఆయిల్ మార్చెయ్యాలన్న వాళ్ల పట్టు కూడా ఆ గంధకం రోజుల్లోంచి వచ్చింది. దాన్ని చాదస్తమనడం అన్యాయం. అప్పటి డీజిల్‌కు అదే సరైన జవాబు. పైగా విశాఖ లారీ బతుకు హైవే లారీ బతుకు లాంటిది కాదు.

1964లో పోర్ట్ ట్రస్ట్ ఏర్పడింది. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు పోవడానికి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం పడింది. 1976 నాటికి బయటి రేవు వచ్చింది. మరో పక్క ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ నినాదంతో 1966లో జరిగిన పోరాటంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ‘గోదావరి’ అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో మండింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 2009లో గంగవరం రేవు తోడైంది. ఈ ఇరవై కిలోమీటర్ల మేర తిరిగే లారీలకు దూరం తక్కువ, నిలబడటం ఎక్కువ. గేటు ముందు వరుసలో ఇంజిన్ ఆపకుండా నిలబడతాయి. కాటా దగ్గర నిలబడతాయి. లోడింగ్‌కు నిలబడతాయి. మీటర్‌లో కిలోమీటర్లు తిరగవు గానీ ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. అలా చల్లగా, నెమ్మదిగా నడిచే ఇంజిన్‌లోనే ఆవిరి నీరై, గంధకంతో కలిసి గోడలకు పట్టేది ఎక్కువ. పూర్తిగా మండని డీజిల్ ఆయిల్‌లోకి దిగేదీ అప్పుడే. రేవు లారీకి ఆయిల్ మార్పు కిలోమీటర్లను బట్టి కాదు, ఇంజిన్ నడిచిన గంటలను బట్టి లెక్కకట్టాలి. మేస్త్రిలు తొందరపెట్టడంలో ఉన్న న్యాయం ఇదే.

దీనికి తోడు బొగ్గు దుమ్ము, ఖనిజపు దుమ్ము, స్లాగ్ దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ పట్టించుకోని లారీకి ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా బోరు అరిగిపోతుంది. సముద్రపు గాలి తేమ సరేసరి. రాత్రి సగం ఖాళీ ట్యాంకుతో నిలబెడితే తెల్లారేసరికి ట్యాంకు లోపలి గోడల మీద నీటి బొట్లు. అందుకే పాత డ్రైవర్లు సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టేవారు. పొద్దున క్లీనర్ మొదటి పని ఫిల్టర్ కింద మర విప్పి నీళ్లు వదలడం. డీజిల్‌కు ఇంతకంటే చవకైన మందు లేదు.

మందు మాట వచ్చింది కాబట్టి కిరోసిన్ సంగతి చెప్పుకోవాలి. రేషన్ కిరోసిన్‌కు, డీజిల్‌కు ధరలో ఉన్న తేడా దశాబ్దాల పాటు దేశమంతటా ఒక దొంగ వ్యాపారాన్ని పోషించింది. గుర్తుపట్టడానికి ప్రభుత్వం రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు వేసింది. ఆ రంగును పోగొట్టే మార్గాలు దొంగలు కనిపెట్టారు. 2005 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖీరీలో, కల్తీని పట్టుకున్న ఇండియన్ ఆయిల్ యువ అధికారి ఎస్. మంజునాథ్‌ను చంపేశారు. మరుసటి ఏడాది కిరోసిన్‌లో రహస్య రసాయన గుర్తు కలిపే పద్ధతి తెచ్చారు. అదీ ఎక్కువ కాలం నిలవలేదు. కిరోసిన్ కలిసిన డీజిల్ పలచన. డీజిల్ పంపుకూ నాజిళ్లకూ వేరే ఆయిల్ ఉండదు, తమ గుండా పారే డీజిల్‌లోని జిడ్డే వాటికి కందెన. ఆ జిడ్డు తగ్గితే పంపు అరుగుతుంది, నాజిల్ చుక్కలు కారుస్తుంది, మండని ఇంధనం చాంబర్‌లోకి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. మిగిల్చిన నాలుగు రూపాయలు నెల తిరక్కుండానే పంపు షెడ్డులో ఖర్చయ్యేవి.

ఆయిల్ అమ్మకం 1990ల ఆర్థిక సంస్కరణల తర్వాత బజారుకెక్కింది. అంతకుముందు బంకుల్లో ఎక్కువగా దొరికేది, రకాలూ తక్కువ. తర్వాత స్పేర్ పార్టుల దుకాణాల నిండా రంగురంగుల డబ్బాలే. కాస్ట్రాల్, గల్ఫ్, వీడాల్, సర్వో, మ్యాక్, హిందుస్థాన్ పెట్రోలియం వారి లాల్ ఘోడా. దాంతోపాటు ఖాళీ డబ్బాలో నాసిరకం నింపి మళ్లీ సీలు వేసే పని కూడా పెరిగింది. ఆయిల్ పోయించుకున్నాక డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో బొక్క పొడిచి పారేసే అలవాటు లారీ యజమానులకు అందువల్లే వచ్చింది.

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండేదే చదవాలి. 15డబ్ల్యూ-40 అని ఉంటే, ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత పలచగా పారుతుందో చెబుతుంది, వెనకున్నది వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. విశాఖలో గడ్డకట్టే చలి లేదు. లంబసింగి దాకా పోయేవాళ్ల మాట వేరు. కనుక ఇక్కడి లారీకి వెనక అంకెదే బరువు. అంతకన్నా ముఖ్యం ఏపీఐ తరగతి. అమెరికా పెట్రోలియం సంస్థ డీజిల్ ఇంజిన్ ఆయిళ్లకు ఇచ్చే గుర్తులివి. 1955లో సీడీ వచ్చింది, 1990లో సీఎఫ్-4, 1998లో సీహెచ్-4, 2002లో సీఐ-4, 2016 చివర్లో సీకే-4. ఇంజిన్‌కు గాని, డీజిల్‌కు గాని కొత్త నిబంధన వచ్చినప్పుడల్లా ఒక కొత్త అక్షరం పుట్టింది.

మన దగ్గర ఆ నిబంధనలు భారత్ స్టేజ్ పేరుతో వచ్చాయి. 2000లో గంధకం పది లక్షలకు 2,500 పాళ్లకు దిగింది. తర్వాతి దశల్లో 500, 350, ఆపైన 50. దేశమంతా నాలుగో దశకు వచ్చింది 2017 ఏప్రిల్ 1న. అయిదో దశను వదిలేసి 2020 ఏప్రిల్ 1న, లాక్‌డౌన్‌లో రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, ఏకంగా ఆరో దశ, అంటే బీఎస్-6, వచ్చింది. అందులో గంధకం 10 పాళ్లే. ఒకప్పటి పది వేలు ఎక్కడ, ఈ పది ఎక్కడ! డీజిల్‌ను హైడ్రోజన్‌తో కడిగి గంధకం తీసే యూనిట్లు మల్కాపురంలోనూ లేచాయి. లారీ డ్రైవర్ కంటికి రంగులోనూ వాసనలోనూ కొద్దిగా తేడా తెలిసి ఉంటుంది, అంతే. కానీ ఇంజిన్ లోపల ఒక యుగం మారిపోయింది.

గంధకంతోపాటు ఒక మేలూ పోయింది. హైడ్రోజన్ శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డు గుణం కూడా తగ్గుతుంది. 1990ల మొదట్లో స్వీడన్‌లో గంధకం తీసిన డీజిల్ వాడిన వాహనాల పంపులు అరిగిపోయాకే ప్రపంచానికి ఈ సంగతి తెలిసింది. అప్పటినుంచి రిఫైనరీలు పంపకముందే జిడ్డునిచ్చే రసాయనాన్ని చిన్న మోతాదులో కలుపుతున్నాయి. మన ప్రమాణాల్లోనూ దానికి కొలత ఉంది. ఒక ఉక్కు గుండును డీజిల్‌లో ముంచి పలక మీద రుద్దితే దాని మీద పడే అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. అయినా కొందరు డ్రైవర్లు ట్యాంకులో 2టీ ఆయిల్ కలుపుతారు, లేదా దుకాణంలో దొరికే ‘మైలేజీ మందు’ సీసా వంపుతారు. వాళ్ల భయానికి మూలం నిజమైనదే. కానీ ఆ లోటును రిఫైనరీయే పూడ్చి పంపుతోంది. 2టీ ఆయిల్ బూడిదగా మారి కొత్త లారీల పొగగొట్టంలోని మసి జల్లెడలో ఇరుక్కుంటుంది. ఆ జల్లెడ మార్చాలంటే అయ్యే ఖర్చు యజమాని గుండె ఆగేంత.

ఆయిల్‌కూ ఇదే ముడి. గంధకమే లేనప్పుడు అంత క్షారం అక్కర్లేదు. ఆ క్షారపు లవణాలు మండితే మిగిలేదీ బూడిదే. అందుకే జల్లెడ ఉన్న బీఎస్-6 లారీలకు సీకే-4 లాంటి, బూడిద తక్కువ మిగిలే ఆయిల్ చెబుతున్నారు. మార్పు గడువు పదుల వేల కిలోమీటర్లకు పెరిగింది. ముప్పై ఏళ్లుగా ‘మందం ఆయిల్ పొయ్యి, తొందరగా మార్చు’ అన్న చేతులు ఇప్పుడు ‘కంపెనీ పుస్తకంలో రాసిందే పొయ్యి, తొందరపడకు’ అనాల్సి వస్తోంది. పాత మాట తప్పయిందని వాళ్లు నొచ్చుకోనవసరం లేదు. డీజిల్ మారింది. రేవు వరుసల్లో గంటల తరబడి ఇంజిన్ ఆపని లారీలకు మాత్రం కొత్త గడువునూ తగ్గించుకోవాలి.

కొత్త లారీ పక్కన డీజిల్ మూతకు తోడు నీలం మూత ఒకటి కనిపిస్తుంది. అందులో పోసేది డీఈఎఫ్. నూటికి 32.5 పాళ్లు స్వచ్ఛమైన యూరియా, తక్కింది శుద్ధి చేసిన నీళ్లు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీళ్లుగా మార్చడం దాని పని. ఇక్కడ పాత కిరోసిన్ కథ మళ్లీ మొదలైంది. సబ్సిడీ యూరియా చవక, డీఈఎఫ్ ఖరీదు. పొలం యూరియాను నీళ్లలో కరిగించి డబ్బాల్లో నింపేవాళ్లు దేశంలో పలుచోట్ల దొరికారు. కానీ 2015 నుంచి పొలం యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె, యూరియాలోని ఇతర మలినాలు పొగ శుద్ధి చేసే ఉత్ప్రేరకం మీద పేరుకుంటాయి. కిరోసిన్ కలిపితే పోయింది పంపు. ఇది పోస్తే పోయేది అంతకంటే ఖరీదైన భాగం, పైగా రైతు నోటిలోది కూడా.

దించేసిన ఆయిల్ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కాలిన ఆయిల్‌ను సెంట్రింగ్ చెక్కలకు పూశారు, చెదలు పట్టకుండా దూలాలకు రాశారు, మిగిలింది షెడ్డు వెనక కాలువలో వంపారు. ఆ కాలువలన్నీ చివరికి చేరేది ఈ సముద్రంలోకే, చేపలు పట్టే జాలరి పేటల ముందుకే. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే కంపెనీలే వాడిన ఆయిల్‌లో కొంత వాటాను తిరిగి శుద్ధి చేయించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. ఏటేటా ఆ వాటా పెరగాలి. షెడ్డు మూల డ్రమ్ములో పోసి ఉంచిన నల్ల ఆయిల్‌కు ఇప్పుడు లెక్క ఉంది, కొనే లైసెన్సుదారు ఉన్నాడు.

2023లో హిందుస్థాన్ పెట్రోలియం, ఒకప్పటి స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియాకు వారసురాలైన షెవ్రాన్‌తో ఒక ఒప్పందం చేసుకుంది. కాల్టెక్స్ పేరుతో ఆ ఆయిళ్లను ఇక్కడ తయారుచేసి అమ్మడానికి. వాటిలో డెలో ఉంది. 1935లో కేటర్‌పిల్లర్ రింగులను విడిపించిన పేరు, మల్కాపురం రిఫైనరీని ఇప్పుడు నడుపుతున్న కంపెనీ చేతుల మీదుగానే తిరిగి వచ్చింది. డబ్బా మీద పేరు పాతదే. వెనక చిన్న అక్షరాల్లో మాత్రం ఇప్పుడు సీకే-4 అని ఉంటోంది.